ఎలుక మీసం ఎంత కదిలింది? ముట్టుకోకుండా కొలవడం ఎలా?

పేట్ బషీరాబాద్‌లో మా గల్లీ చివర ఒక కిరాణం దుకాణం ఉంది. రాత్రిపూట బియ్యం బస్తాలను ఏదో కొరుకుతోందని దుకాణం ఆయన మూలన ఒక సీసీ కెమెరా పెట్టించాడు. మొన్న సరుకులకు వెళ్తే ఫోన్ తీసి వీడియో చూపించాడు. అర్ధరాత్రి దాటాక ఒక ఎలుక తలుపు సందులోంచి లోపలికి వచ్చింది. దుకాణం మధ్యంతా ఖాళీగా ఉన్నా అటు పోలేదు. గోడను ఆనుకుని బస్తాల దాకా వెళ్లి, ముక్కు పైకెత్తి ఆగింది.

మా అక్క కూతురు ఫార్మసీ చదువుతోంది. ఫోన్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, "మామా, దీనికి మీసాలే లేవు చూడు" అంది. నేనూ చూశాను. మూతికి రెండు వైపులా బూడిదరంగు మసక తప్ప ఒక్క వెంట్రుకా కనిపించలేదు. "మీసాలు లేక కాదు, అవి ఆగక" అన్నాను. ఇంటికి వచ్చే దారిలో అసలు ప్రశ్న బయటికి వచ్చింది: "మా సారు క్లాసుల ఎలుక మీసాల కదలిక కొలుస్తరని చెప్పిండు. కంటికే కనబడనిదాన్ని ఎట్ల కొలుస్తరు మామా? కొలిచి ఏం జేస్తరు?"

రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్పాలి. ఎందుకో తెలిస్తేనే ఎలా అన్నదానికి అర్థం ఉంటుంది.

మనిషి మీసం మెలేయాలంటే చెయ్యి కావాలి. ఎలుకకు అక్కర్లేదు. దాని పెద్ద మీసాల్లో ఒక్కొక్కదాని కుదురును ఒక చిన్న కండరం ఉండేలు పట్టీలా చుట్టుకుని ఉంటుంది. కండరం బిగిస్తే మీసం ముందుకు వస్తుంది, వదిలితే వెనక్కి పోతుంది. వెనక్కి లాగడానికి మూతి చర్మాన్ని కదిలించే వేరే కండరాలు కూడా సాయపడతాయి. మూతికి ఒక్కో వైపు ఐదు వరుసల్లో ముప్పైకి పైగా పెద్ద మీసాలుంటాయి. వెనకవి పొడవు, ముక్కు దగ్గరవి పొట్టి. అన్నిటికంటే పొడవైనది ఐదు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అంత పొడవున్నా బరువు మిల్లీగ్రాముకు లోపే. ఈ బరువు మాట గుర్తుంచుకోండి, తర్వాత దీనితో పని పడుతుంది.

కొత్త చోటుకు వచ్చిన ఎలుక ఈ మీసాలను సెకనుకు ఎనిమిది సార్లు అటూ ఇటుగా ముందుకూ వెనక్కీ ఊపుతుంది. ముందుకు కాస్త నిదానంగా, వెనక్కి చురుగ్గా. గోడ, బస్తా, సందు, పక్క ఎలుక ఒళ్లు, అన్నీ దానికి మీసం కొనలతోనే తెలుస్తాయి. మీసం వెంట్రుకే, దానిలో నాడి ఉండదు. చూపు లేని వ్యక్తి చేతికర్ర నేలను తాకితే తెలిసేది కర్రకు కాదు, అరచేతికి. ఇదీ అంతే. మీసం దేనికైనా తగిలి వంగితే, కుదురు చుట్టూ ఉన్న నూట యాభై, రెండు వందల నాడీపోగులు ఆ వంపును పట్టుకుని మెదడుకు చేరవేస్తాయి. మెదడులో ఒక్కో మీసానికి ఒక్కో గది ఉంది. 1970లో వుల్సే, వాన్ డెర్ లూస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చిట్టెలుక మెదడు పొరను సూక్ష్మదర్శిని కింద చూస్తే, మూతి మీద మీసాలు ఏ వరుసలో ఉన్నాయో అదే వరుసలో పీపాల్లాంటి కణాల గుంపులు కనిపించాయి. ఫలానా మీసానికి ఫలానా పీపా అని వేలుపెట్టి చూపించగలిగేంత స్పష్టంగా ఉంటాయవి. స్పర్శ మెదడుకు ఎలా చేరుతుంది, మెదడు దాన్నెలా అర్థం చేసుకుంటుంది అని అడిగేవాళ్లకు ఇంత శుభ్రంగా గీసిపెట్టిన పటం ఇంకోచోట దొరకడం కష్టం.

ఎలుక గోడ వారనే ఎందుకు పోతుందో కూడా ఇందులోనే ఉంది. గోడ పక్కన నడిస్తే ఒక వైపు మీసాలు ఎప్పుడూ గోడను తాకుతూనే ఉంటాయి. చీకట్లో దారి తప్పదు. నట్టనడుమ నడిస్తే రెండు వైపులా ఆసరా ఉండదు.

వైద్యానికి ఇంతకంటే దగ్గర కారణం ఉంది. మన మూతి ఒక పక్కకు వంకరపోతే, కన్ను మూతపడకపోతే, ముఖపక్షవాతం అంటాం. దెబ్బతినేది ముఖనాడి. ఎలుక మీసాలను కదిలించేదీ ఆ ముఖనాడే. తెగిన నాడిని కుట్టాక, లేదా మందు ఇచ్చాక, ఎన్ని వారాలకు ఎంత మేర కోలుకుంది అని ఎలుకను నోటితో అడగలేం, మీసాన్ని అడగొచ్చు. దెబ్బ తగిలిన వైపు మీసాలు వెనక్కి వాలి ఊరుకుంటాయి, బాగున్న వైపు మామూలుగా ఊగుతుంటాయి. రెండు వైపులనూ ఒకేసారి కొలిస్తే, కోలుకోవడం ఎంతవరకు వచ్చిందో అంకెల్లో తెలుస్తుంది. బాగున్న వైపే దెబ్బతిన్న వైపుకు కొలబద్ద.

ఈ ముచ్చట మనకు దూరపుదని అనుకోకండి. ఎలుకను కొలవడంలో హైదరాబాద్‌కు పెద్ద చరిత్రే ఉంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి జబ్బు మీద మొదలుపెట్టిన చిన్న పరిశోధనశాల 1958లో ఇక్కడికి తరలివచ్చింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) అదే. మెకారిసన్ ఎలుకలకు దేశంలోని ఒక్కో ప్రాంతం తిండి పెట్టి, ఏది తిన్నవి బాగా పెరిగాయో చూశాడు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరలు తిన్నవి ఏపుగా పెరిగితే, ఎక్కువగా మరపట్టిన బియ్యం మీద బతికినవి వెనకబడ్డాయి. ఆ సంస్థ జంతుశాలలో తరతరాలుగా పెరుగుతున్న తెల్ల ఎలుకల వంశానికి సంస్థ పేరే కలిసి డబ్ల్యూఎన్ఐఎన్ అని పేరొచ్చింది. పేరులో మొదటి అక్షరం విస్టార్ జాతిది. ఇప్పుడు మా పక్కనే, శామీర్‌పేట దాటాక తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీలో, పరిశోధన జంతువుల కోసం ఐసీఎంఆర్ జాతీయ కేంద్రమే ఉంది. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల మందుల కంపెనీల్లో చేరే పిల్లల్లో చాలామంది ఏదో ఒక రోజు తెల్ల ఎలుకను చేతిలోకి తీసుకోవాల్సినవాళ్లే. అందుకే మా అమ్మాయి ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోలేదు.

మెకారిసన్ కొలిచింది బరువు. తక్కెడలో పెడితే ఎలుక ఈరోజు ఎంతుందో తెలుస్తుంది, రేపు ఇంకోసారి పెట్టొచ్చు. మీసం అలా దొరకదు. ఒక ఊపు మొదలై ముగియడానికి సెకనులో ఎనిమిదో వంతు, అంటే 125 మిల్లీసెకన్లు. పైగా పట్టుకుంటే ఆగిపోతుంది. ఏదైనా తగిలిస్తే మారిపోతుంది.

ఇక ఎలా అన్న ప్రశ్న. మొదటి మెట్టు ఎన్ని బొమ్మలు తీయాలన్నది. సాధారణంగా ఫోన్ వీడియో సెకనుకు 30 బొమ్మలు తీస్తుంది. మీసం సెకనుకు 8 ఊపులు ఊగితే ఒక ఊపుకు నాలుగు బొమ్మలు కూడా రావు. ఏదో ఒకదాని చుట్టూ పరిశీలనగా వాసన చూసేటప్పుడు ఎలుక మీసాలను ఇంకా వేగంగా, సెకనుకు 20 సార్ల దాకా ఆడిస్తుంది. అప్పుడు ఊపుకు ఒకటిన్నర బొమ్మ. సినిమాలో వేగంగా పోయే బండి చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తుంది చూడండి, అదే మోసం ఇక్కడా జరుగుతుంది. ఉన్న వేగం ఒకటి, కనిపించే వేగం ఇంకొకటి. తక్కువ బొమ్మలతో వచ్చిన అంకె తప్పని చూసేవాడికి అనుమానం కూడా రాదు. అందుకే ప్రయోగశాలల్లో సెకనుకు 500 నుంచి 1000 బొమ్మలు తీసే కెమెరాలు వాడతారు. వెయ్యి తీస్తే ఎనిమిది ఊపుల్లో ఒక్కోదానికి 125 బొమ్మలొస్తాయి.

బొమ్మల సంఖ్య ఒక్కటే చాలదు. దుకాణం వీడియోలో మీసాలను మాయం చేసింది వేరే దోషం. ఒక్కో బొమ్మకు కెమెరా కన్ను ఎంతసేపు తెరిచి ఉంచిందన్నది లెక్క. కాగితం మీద వేసి మా అమ్మాయికి చూపించాను. నాలుగు సెంటీమీటర్ల మీసం 40 డిగ్రీల మేర ఊగుతోందనుకో. సెకనుకు ఎనిమిది ఊపులు. ఊపు మధ్యలో కొన వేగం లెక్కిస్తే సెకనుకు దాదాపు 70 సెంటీమీటర్లు. చీకట్లో వెలుతురు చాలక కెమెరా కన్ను సెకనులో అరవయ్యో వంతు తెరిచి ఉంటే, ఆలోపే కొన ఒక సెంటీమీటరు పైగా జరిగిపోతుంది. వెంట్రుక మందం మొదట్లోనే మిల్లీమీటరులో చిన్న భాగం. సెంటీమీటరు పొడవునా అలుక్కుపోయిన అంత సన్నటి గీత బూడిద మసకగా మిగలక ఏం చేస్తుంది? మిల్లీసెకనులో ఐదో వంతుకు కన్ను మూసేస్తే కొన 0.14 మిల్లీమీటర్లే జరుగుతుంది. అప్పుడు మీసం గీతలా నిలబడుతుంది.

కన్ను అంత తొందరగా మూయాలంటే వెలుతురు బాగా కావాలి. ఎలుక వెలుతురుకు బెదురుతుంది, మూలకు నక్కుతుంది. దారి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు. మన కంటికీ ఎలుక కంటికీ ఆ కాంతి కనపడదు, కెమెరాకు కనపడుతుంది. కిరాణం దుకాణం సీసీ కెమెరా రాత్రిపూట పనిచేసేదీ దానితోనే.

దీపాన్ని ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి చిక్కు. తెల్ల ఎలుక మీసాలూ తెల్లనివే. పైనుంచి వెలుగు వేస్తే తెల్లటి నేల మీద తెల్లటి మీసం కలిసిపోతుంది. అందుకని ఎలుక నిలబడే గాజు పలక కింద దీపాల వరుస పెట్టి, పైన కెమెరా పెడతారు. వెలుతురు కిందినుంచి వస్తే మీసం నల్లటి నీడగా కనిపిస్తుంది. రంగు అడ్డం రాదు. నాకు ఈ పద్ధతిలో అన్నిటికంటే నచ్చింది ఇదే. మీసానికి రంగు పూయకుండా, వెలుతురు వచ్చే దిక్కు మార్చి పని జరిపించుకున్నారు.

మేమూ చిన్న ప్రయత్నం చేశాం. కొంపల్లి వైపు పెంపుడు జంతువులు అమ్మే ఒక దుకాణంలో అద్దాల డబ్బాలో తెల్ల ఎలుక ఉంటే, ఆయన్ను అడిగి, డబ్బా వెనక నల్లగుడ్డ కట్టి, ఫోన్ స్లో మోషన్‌లో సెకనుకు 240 బొమ్మలు తీశాం. అద్దం మీద వేలు పెట్టలేదు, తట్టలేదు. ఎలుక దానంతటది డబ్బా మూలకు వచ్చి వాసన చూసేదాకా కూర్చున్నాం. ఆ వీడియోలో మీసం కొనలు ఇంకా అలుక్కుపోయే ఉన్నాయి. మొదళ్లు మాత్రం స్పష్టంగా వచ్చాయి. మూతి దగ్గర సెంటీమీటరు దూరంలో కదలిక కొన కదలికలో నాలుగో వంతే కదా. ప్రయోగశాలల్లో కూడా మీసం కోణాన్ని మొదలు దగ్గరే కొలుస్తారు. కొన గోడకు తగిలితే వంగిపోతుంది, ఆ వంపు కండరం చేసిన పని కాదు. మొదలు చెప్పేదే కండరం చేసిన పని.

కోణం అన్నాం. దేనితో కోణం? ఇక్కడ కొత్తవాళ్లు పొరపడతారు. బొమ్మ అంచుతో కొలిస్తే, ఎలుక తల తిప్పినప్పుడల్లా మీసం ఊగకున్నా అంకె మారుతుంది. కాబట్టి ముక్కు కొననుంచి రెండు కళ్ల మధ్యకు ఒక గీత గీసి, మీసం మొదలు ఆ గీతతో చేసే కోణాన్ని తీసుకోవాలి. ఒక్కో బొమ్మలోనూ మళ్లీ ఆ గీత గీయాలి. అలా తీసిన అంకెలను వరుసగా పేరిస్తే అలల గీత వస్తుంది. అందులో మూడు సంగతులు వేరుచేసి చదువుతారు. అలలు ఏ ఎత్తు చుట్టూ ఊగుతున్నాయి, అంటే మీసాలు మొత్తంగా ముందుకు చాచి ఉన్నాయా వెనక్కి వాలి ఉన్నాయా అన్నది ఒకటి. ఒక్కో అల ఎంత పెద్దది అన్నది రెండు. ఈ క్షణాన అల ఎక్కుతోందా దిగుతోందా అన్నది మూడు. ఈ మూడూ వేర్వేరుగా మారతాయి. కేవలం ఎన్ని డిగ్రీలు కదిలింది అని సగటు తీసి ఊరుకుంటే కొలిచిన శ్రమంతా వృథా.

తలతో పోల్చి కొలవడం వల్లే ఒక అందమైన సంగతి బయటపడింది. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో టోవల్, హార్ట్‌మన్ 2006లో చూపించారు: ఎలుక తల తిప్పబోయే ముందే, రెండు వైపుల మీసాలూ సమానంగా కాకుండా వేర్వేరుగా కదిలి, తల వెళ్లబోయే చోటును ముందుగానే తడుముతాయి. తల ఎటు పోతుందో మీసాలు చెబుతాయి.

ఈ స్థితికి రావడానికి నూరేళ్లు పట్టింది. 1912లో షికాగోలో స్టెల్లా విన్సెంట్ అనే పరిశోధకురాలు మీసాలు కత్తిరించిన తెల్ల ఎలుకలను చిక్కుదారుల్లో వదిలి, అవి అంచు ఎలా కనిపెడతాయో, ఎక్కడ తడబడతాయో చూసింది. కొలిచింది మీసాన్ని కాదు, మీసం లేకపోవడాన్ని. 1964లో విస్కాన్సిన్‌లో వెల్కర్ సినిమా కెమెరాతో తీసి, వాసన పీల్చడం, మీసం ఊపడం, తల కదలిక ఒకే తాళంలో సాగుతాయని గమనించాడు. 1990ల్లో మూతి కండరంలో సన్నటి తీగలు గుచ్చి విద్యుత్తును నమోదు చేశారు. కండరానికి ఆజ్ఞ ఎప్పుడు వచ్చిందో దానివల్ల తెలుస్తుంది కానీ, మీసం నిజంగా ఎంత కదిలిందో తెలియదు. 1998లో న్యూయార్క్‌లో బెర్మెహో, జీగ్లర్ వాళ్లు లేజరు కాంతిని పల్చని తెరలా పరిచి, మీసం నీడ వరుసగా పేర్చిన కాంతి గ్రాహకాల మీద ఎక్కడ పడిందో పట్టుకున్నారు. వేగం అద్భుతంగా దొరికింది. కానీ పక్క మీసాల నుంచి వేరుగా తెలియాలని ఒక మీసానికి తేలికపాటి నురుగు ముక్క అంటించాల్సి వచ్చేది, ఎలుక తలను కదలకుండా బిగించాల్సి వచ్చేది. మిల్లీగ్రాము తూగని వెంట్రుకకు ఏది అంటించినా బరువే. తల బిగించిన ఎలుక గోడ వార నడిచే ఎలుక కాదు.

తర్వాత దారి మారింది. 2005లో ఇజ్రాయెల్‌లో క్నుట్సెన్, అహిస్సర్ వాళ్లు స్వేచ్ఛగా తిరిగే ఎలుకల తలనూ మీసాలనూ వీడియో నుంచే వెంబడించే పద్ధతి ఇచ్చారు. 2012లో అమెరికాలోని జనేలియా పరిశోధనశాల నుంచి క్లాక్ బృందం తయారుచేసిన ప్రోగ్రాము బొమ్మలోని మీసాలన్నిటినీ తనంతట తానే గీసి చూపింది. 2018లో వచ్చిన డీప్‌ల్యాబ్‌కట్ అనే ప్రోగ్రాముకు కొన్ని వందల బొమ్మల్లో మీసం ఎక్కడుందో మనం చుక్కలు పెట్టి నేర్పితే, మిగతా లక్షల బొమ్మల్లో అదే వెతుక్కుంటుంది. అది ఉచితం. కాలేజీ కంప్యూటరు మీద కూడా నడపొచ్చు. ఈ చరిత్రంతా నాకు ఒకే వైపు నడిచినట్టు కనిపిస్తుంది. కత్తెర పోయింది, గుచ్చిన తీగ పోయింది, అంటించిన ముక్క పోయింది, బిగించిన మర పోతోంది. ఎలుక మీద నుంచి మన చెయ్యి ఎంతెంత వెనక్కి తీసుకుంటే కొలత అంతంత నిజమవుతూ వచ్చింది.

మా అమ్మాయి డీప్‌ల్యాబ్‌కట్ గురించి వినగానే, "అయితే మనం చుక్కలు పెడితే సాలు కదా మామా, మిగిలింది అదే చేస్తది" అంది. చేస్తుంది. తప్పు కూడా అంతే వేగంగా చేస్తుంది. రెండు మీసాలు ఒకదాని మీదుగా ఒకటి దాటినప్పుడు ఒకదాన్ని వదిలేసి పక్కదాన్ని పట్టుకుంటుంది. అంకెల వరుసలో అక్కడొక చిన్న గెంతు వస్తుంది, అంతే. సగటు తీస్తే ఆ గెంతు కూడా కలిసిపోతుంది. చేత్తో ఒకసారి కొలిచినవాళ్లే అది ఎలుక చేసిన గెంతు కాదని గుర్తుపడతారు.

అందుకే ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నాదొక మనవి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 1998 నాటి ప్రయోగ నియమాల ప్రకారం మీ సంస్థలో నైతిక సంఘం అనుమతి లేకుండా ఏ ఎలుక మీదా ప్రయోగం చేయొద్దు. అనుమతి ఉన్నా, చూసి తెలుసుకోగలిగిన దానికోసం మీసం కత్తిరించొద్దు, రంగు పూయొద్దు. ప్రోగ్రాముకు అప్పగించే ముందు ఒక్క సెకను వీడియోను మీ చేత్తో, కోణమానినితో కొలవండి. మా అమ్మాయి కొలిచింది. 240 బొమ్మలు, ఒక్కో బొమ్మలో ముక్కునుంచి కళ్ల మధ్యకు ఒక గీత, ఎడమ వైపు ఒకే మీసం. గ్రాఫు కాగితం మీద ఎనిమిది అలలు వచ్చాయి. దానికి రెండు సాయంత్రాలు పట్టింది.